‘డాడీకి వీడియో కాల్ చెయ్యి మామా’ అంటోంది, ఏం చెప్పను?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ వైపు ఒక ఊరు. నేను నల్లగొండలో ఆటో నడుపుతాను. నిరుడు మిరుగు ముందర మా బావను చంపేశారు. బత్తాయి తోట గెట్టు దగ్గర పంచాయితీ. చంపింది పరాయివాడు కాదు, బావకు వరుసకు అన్న. పిల్లలు పెద్దనాన్న అని పిలిచేవారు. ఆ పొద్దు సద్ది పట్టుకుని పోయిన నా మేనల్లుడు అక్కడే ఉన్నాడు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఉరికి చెట్లలో దాక్కున్నాడట. ఇంకేమీ చెప్పడు. బావ ఫోటోను గోడకు తిప్పి పెడతాడు. బత్తాయి పండు ముట్టడు. ఇంటి ముందు బండి ఆగితే మంచం వెనక్కి పోతాడు. పక్క తడుపుతున్నాడు. వాకిట్లో రాళ్లు వరసగా పేర్చి, కట్టెతో ఒక రాయిని కొట్టి దాని మీద మట్టి పోస్తాడు. మళ్లీ తీస్తాడు, మళ్లీ కొడతాడు. మా అమ్మ అది చూసి అరిష్టమని కొట్టింది. దడుసుకున్నాడని దర్గాలో అంత్రం కట్టించాం. బడిలో పెద్ద పిల్లలు బావ పడి ఉన్న ఫోటో ఫోన్‌లో చూపించారు. దినాలకు వచ్చినవాళ్లు ‘పెద్దగయినంక మీ నాయన పగ నువ్వే తీర్చాలె’ అని వాడి చెవిలో పోశారు. వాడు కోర్టులో సాక్షి కూడా. ఆ మనిషి బెయిల్ మీద బయట తిరుగుతున్నాడు.

చిన్నదానికి ఐదేళ్లు. ఆ రోజు మా ఇంట్లో ఉంది. డాడీ దుబాయి పోయాడని చెప్పాం. రోజూ రాత్రి ‘డాడీకి వీడియో కాల్ చెయ్యి మామా’ అంటుంది. ఒకసారి ఏడుపు ఆపలేక ఫోన్ చెవికి పెట్టుకుని బావతో మాట్లాడినట్టు నటించాను. అప్పట్నుంచి ఇంకా ఎక్కువైంది. మా అక్క మంచం దిగదు. జూన్‌లో సంవత్సరీకం. చుట్టాలంతా వస్తారు. పిల్లవాడిని ఐదో తరగతికి గురుకులంలో వేయమని కొందరు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక మేనమామ, నల్లగొండ

జవాబు: తమ్ముడూ, ఫోన్ చెవికి పెట్టుకుని లేని మనిషితో మాట్లాడానని మీరు రాసిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మ దగ్గర ఫోన్ లేదు గానీ, ఆమె చేసిందీ అదే.

మాది పాలమూరు జిల్లా, కల్వకుర్తి తాలూకాలో ఒక ఊరు. నాకు ఏడేళ్లప్పుడు మా నాయనను కొట్టి చంపారు. నన్ను అమ్మమ్మ ఊళ్లో పెట్టి ‘నాయన బొంబాయి పోయిండు’ అన్నారు. మా దిక్కు ఇంటికొకరు మట్టిపనికి బొంబాయి పోయినవాళ్లే కాబట్టి నాకు అనుమానం రాలేదు. దసరాకు అందరి నాయనలూ వచ్చేవారు. మా నాయన కిర్రుచెప్పులు తొడిగేవాడు. అందుకని నేను బస్సు దిగేవాళ్ల ముఖాలకంటే ముందు కాళ్లు చూసేదాన్ని. రెండు దసరాలు అట్లా చూశాను. మూడో ఏడు బడిలో బోరింగు దగ్గర ఒక పిల్ల, నీళ్ల వంతు కోసం కొట్లాడుతూ, ‘మీ నాయనను సంపిండ్రు కదా, మా అమ్మ చెప్పింది’ అంది. అందరి ముందర.

ఇంటికొచ్చి అమ్మను ఏమీ అడగలేదు. అడిగితే అమ్మ ఏడుస్తుందని తెలుసు. అయితే ఆ రెండేళ్లూ నాలో ఏముందో ఎవరికీ తెలియదు. నాయన పోయే ముందు రోజు ఆయన తెచ్చిన గౌను నచ్చలేదని విసిరేశాను. ఆ కోపంతోనే నా దగ్గరికి రావట్లేదని నేను గట్టిగా నమ్మాను. అబద్ధం నన్ను దుఃఖం నుంచి కాపాడలేదు. నా తప్పు వల్లే నాయన రావట్లేదనుకునేలా చేసింది.

మీ మేనకోడలు ఇప్పుడు అక్కడే ఉంది. ఆ పిల్ల లెక్కలో డాడీ బతికే ఉన్నాడు, ఆయన దగ్గర ఫోన్ ఉంది, మామతో మాట్లాడతాడు, తనతో మాత్రం మాట్లాడడు. 1948లో మరియా నాగీ అనే పరిశోధకురాలు హంగేరీలో పిల్లలతో చావు గురించి మాట్లాడి రాసిన విషయం ఒకటుంది. ఐదేళ్ల లోపువాళ్లు చావును ఊరికి పోవడంలాగా, నిద్రలాగా అనుకుంటారు, పోయినవాళ్లు తిరిగొస్తారనే ఉంటారు. ఆ వయసు ఎట్లాగూ అట్లా అనుకుంటుంది. మనం దుబాయి అని చెప్పి దాన్నే గట్టిపరుస్తున్నాం. కాబట్టి ముందు చిన్నదానితో మొదలుపెట్టండి. సంవత్సరీకం దాకా ఆగొద్దు. ఆ రోజు ఇంటినిండా చుట్టాలుంటారు, ఎవరో ఒకరు అననే అంటారు. మాకు బోరింగు దగ్గర జరిగింది మీ ఇంట్లో జరగనీయకండి.

ఈ ఆదివారం పొద్దున, అన్నం తిన్నాక చెప్పండి. రాత్రి పడుకునే ముందు వద్దు. మీ అక్క ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు, మాటలు మీరు చెప్పండి. ఇట్లా చెప్పవచ్చు: ‘డాడీ దుబాయిలో లేడురా. నేను అబద్ధం చెప్పాను, అది నా తప్పు. డాడీ చనిపోయాడు. చనిపోయాడంటే ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి తీయడు, ఆకలి కాదు, నొప్పి ఉండదు, మళ్లీ లేవడు, మళ్లీ రాడు. ఒక మనిషి కోపంతో డాడీని కొట్టాడు. ఆ దెబ్బలు చాలా పెద్దవి. అది చాలా తప్పు పని. నువ్వు చేసినదాని వల్ల కాలేదు. నిన్ను అమ్మా నేనూ చూసుకుంటాం.’ అంతే. ఎవరు కొట్టారని అడిగితే పేరు చెప్పండి, అది కూడా దాచొద్దు. ఎట్లా కొట్టాడో చెప్పనక్కర లేదు.

నిద్రపోయాడని అనకండి, పడుకోవడానికే భయపడుతుంది. దేవుడు తీసుకుపోయాడని అనకండి, గుళ్లో అడుగు పెట్టదు. చుక్కయ్యాడంటే రోజూ రాత్రి ఆకాశం వైపు చూసి కిందికి రమ్మని ఏడుస్తుంది. చనిపోయాడు అనే మాట మనకే నోటికి రాదు. పిల్లలకు ఆ ఒక్క మాటే నిలబడే చోటు ఇస్తుంది.

విన్న తర్వాత ఏం చేస్తుందో ముందే అనుకోలేం. కొట్టవచ్చు. లేదంటే రెండు నిమిషాలు ఏడ్చి ‘బిస్కెట్ కావాలె’ అనవచ్చు. అది చూసి ఈ పిల్లకు అర్థం కాలేదనుకోకండి. చిన్నపిల్లల ఏడుపు ఎండావానలాంటిది, పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. రేపు మళ్లీ ‘డాడీ ఎప్పుడొస్తాడు’ అని అడుగుతుంది. అదే మాట, అదే మెల్లటి గొంతుతో, వంద సార్లయినా చెప్పాల్సి వస్తుంది. ఫోన్ అడిగినప్పుడు ఇక నటించొద్దు. డాడీ పాత వీడియో ఏదైనా ఉంటే, ఇది పాతదని చెప్పి పక్కన కూర్చుని చూపించండి.

ఇక పిల్లవాడు. తమ్ముడూ, వాడి సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

వాడు ఫోటో తిప్పి పెట్టేది నాన్న మీద ప్రేమ లేక కాదు. నాన్న నవ్వు గుర్తొచ్చిన మరుక్షణం ఆ గెట్టు కళ్ల ముందుకొస్తుంది. తోట, బత్తాయి, బండి చప్పుడు, నాన్న చొక్కా వాసన, ఏ దారిన పోయినా చివరికి అదే చోటికి చేరుతున్నాడు. అందుకే అన్ని దారులూ మూసేసుకున్నాడు. మామూలుగా తండ్రి పోయిన పిల్లవాడు తండ్రిని తలచుకుని ఏడ్చి కొంత తేలిక పడతాడు. వీడికి తలచుకోవడమే భయం. ఏడవడానికి కూడా దారి లేదు. ముందు ఆ భయం తగ్గితేనే దుఃఖానికి చోటు దొరుకుతుంది. ‘ఏడు, ఏడిస్తే పోతుంది’ అని ఇప్పుడు బలవంతం చేసే చుట్టాలను దూరంగా ఉంచండి. ‘ఏం చూశావురా, చెప్పు’ అని అడిగేవాళ్లను ఇంకా దూరంగా ఉంచండి.

మీ ఉత్తరంలో ‘ఉరికి చెట్లలో దాక్కున్నాడట’ అని ఒక్క మాటలో రాసి దాటిపోయారు. నా అనుమానం, వాడు పది నెలలుగా ఆ చెట్ల వెనకే ఉన్నాడు. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో రాబర్ట్ పైనూస్, స్పెన్సర్ ఎత్ అనే ఇద్దరు మానసిక వైద్యులు, కన్నవాళ్ల హత్య కళ్లారా చూసిన పిల్లలతో పనిచేశారు. ముందు ప్రశ్నలు వేయరు. కాగితం ఇచ్చి ఇష్టం వచ్చిన బొమ్మ గీయమంటారు, దాని మీద ఒక కథ చెప్పమంటారు. ఆ బొమ్మలో ఎక్కడో ఒక మూల ఆ సంగతి కనబడుతుంది. ఆ పిల్లలు, నేను ఇది చేసి ఉంటే, అది చేసి ఉంటే ఆపేవాడినని లోలోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారని వాళ్లు రాశారు. నేను బడిపంతులమ్మగా పనిచేసి, తర్వాత కౌన్సెలింగ్ నేర్చుకుని ఇన్నేళ్లు పాలమూరు, నల్లగొండ పిల్లలతో కూర్చున్నాను. ప్రతిసారీ చూసింది ఇదే. తొమ్మిదేళ్లవాడు చంపడానికి వచ్చిన పెద్దవాణ్ని ఆపలేడని మనకు తెలుసు. వాడికి తెలియదు.

కాబట్టి వాడు అడగకపోయినా ఒక మాట వాడికి చేరాలి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు. ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని పానగల్లు చెరువు దాకా పోయి రండి. పక్కపక్కన ఉన్నప్పుడు, కళ్లలోకి చూడనక్కర లేనప్పుడు, మగపిల్లలు మాట వింటారు. దారిలో చెప్పండి: ‘ఆ రోజు నువ్వు ఉరికి దాక్కోవడం సరైన పని. పెద్దవాడు కొడుతుంటే పిల్లలు చేయాల్సింది అదే. నేనున్నా నిన్ను ఉరకమనే అరిచేవాణ్ని. డాడీని కాపాడటం నీ పని కాదు.’ జవాబు కోసం ఆగకండి. చెరువు కట్ట మీద ఏదైనా కొనిపెట్టి తీసుకొచ్చేయండి. నెల తర్వాత మళ్లీ చెప్పండి.

రాళ్ల ఆట అరిష్టం కాదు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే ఊళ్లో 26 మంది పిల్లలను స్కూలు బస్సుతో సహా ఎత్తుకుపోయారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు ఆ పిల్లలను చాలాకాలం గమనించింది. వాళ్ల ఆటల్లో ఆ ఎత్తుకుపోవడమే మళ్లీ మళ్లీ వచ్చేది. ఆడుతున్నా ముఖంలో సంతోషం ఉండేది కాదు. నోటితో చెప్పలేనిది చేతులు చెబుతున్నాయి. మీ అమ్మగారికి నచ్చజెప్పండి, ఇకమీద దానికోసం ఒక్క దెబ్బ కూడా పడకూడదు. మీరు పోయి పక్కన గొంతుక్కూర్చోండి. కొన్నాళ్లు ఊరికే చూడండి. తర్వాత ‘ఇప్పుడు ఎవరొస్తే బాగుండురా’ అని అడగండి. 108 రావచ్చు, పోలీసులు రావచ్చు, మామ ఆటో రావచ్చు. రాళ్ల వరస పక్కకు ఇంకో రాయి వచ్చిన రోజు నాకు రాయండి. ఎన్ని రోజులైనా ఆట అదే చోట ఆగి, ఆడిన తర్వాత వాడు ఇంకా వణికిపోతుంటే మాత్రం అది ఇంట్లో తేలేది కాదు.

నిజానికి ఇప్పటికే డాక్టరుకు చూపించాల్సింది. భయం ఒక నెల దాటి ఇట్లాగే ఉంటే చూపించాలి, మీకు పది నెలలైంది. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక విభాగానికి వెళ్లండి. పిచ్చి అని ఎవరైనా అంటారని వెనకాడకండి. వెళ్లేలోపు మీకు మాట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ టెలిమానస్ 14416కు చేయండి, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఇట్లాంటి పిల్లల కోసమే కోహెన్, మన్నారినో, డెబ్లింజర్ అనే ముగ్గురు అమెరికా నిపుణులు ఒక పద్ధతి తయారుచేశారు. భయం వచ్చినప్పుడు ఒంటిని ఎట్లా నెమ్మది చేసుకోవాలో ముందు నేర్పి, ఆ రోజు కథను పిల్లవాడే కొంచెం కొంచెంగా, వారం వారం చెప్పేలా చేసి, ఆ తర్వాతే నాన్నను తలచుకునే పనికి వస్తారు. సుమారు 12 నుంచి 25 సార్లు కూర్చోవాల్సి వస్తుంది. ఇంటి పెద్ద ఒకరు వెంట ఉండాలి. ఆటో ఆపుకుని మీరే వెళ్లాలి తమ్ముడూ. అంత్రం ఉండనీయండి, మీ అమ్మగారి మనసుకు ధైర్యం. దాంతోనే ఆగిపోవద్దు.

పక్క తడపడం గురించి ఎవరూ మాట్లాడొద్దు. కింద రబ్బరు షీటు వేయండి, పొద్దున్నే చప్పుడు లేకుండా తీసేయండి.

పగ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా అన్నకు పదకొండేళ్లప్పుడు మా బంధువులు ఇదే చెప్పారు. వాడు చదువు మీద మనసు పెట్టలేదు, పెళ్లి మీద పెట్టలేదు. చంపినవాడు ముసలివాడై మంచాన పడి పోయేదాకా వాడి బతుకంతా ఆ ఒక్క మనిషి చుట్టే తిరిగింది. ఒక హత్యతో మా ఇంట్లో ఇద్దరు మగవాళ్లు పోయారు. మీ మేనల్లుడి ముందే, ఆ మాట అన్నవాళ్లు వినేట్టు, మీరు చెప్పండి: ‘శిక్ష వేయడం కోర్టు పని. దానికోసం తిరగడం నా పని. నీ పని బడికి పోవడం, ఆడుకోవడం.’ ‘ఇంటికి మగోడివి నువ్వే’ అనే మాట కూడా మానేయమనండి. వాడు పదేళ్ల పిల్లవాడు.

కోర్టు సంగతి. 12 ఏళ్లలోపు పిల్లలతో ప్రమాణం చేయించనక్కర లేదు. అడిగింది అర్థమై జవాబు చెప్పగలిగితే సాక్ష్యం చెల్లుతుంది. పోలీసులు మళ్లీ ఏమైనా అడగాలన్నా 15 ఏళ్లలోపు మగపిల్లవాడిని స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లే ఇంటికి రావాలి. ఆ మనిషి ముఖం చూడకుండా సాక్ష్యం చెప్పే గదులు ప్రతి జిల్లాలో ఉండాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను కలిసి ఆ ఏర్పాటు ముందుగానే అడగండి. బెయిల్ మీద ఉన్నవాడు మీ ఇంటి చుట్టూ తిరిగితే, ఒక్క మాట బెదిరించినా, రాసిపెట్టి వెంటనే ఫిర్యాదు చేయండి. సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. పిల్లవాడితో మాత్రం ‘వాడు ఇక ఎప్పటికీ రాడు’ అని అనకండి, రేపు బజార్లో కనబడితే మీ మాట పోతుంది. ‘వాడు మన జోలికి రాకూడదని కోర్టు చెప్పింది, వస్తే ఏం చేయాలో నాకు తెలుసు’ అనండి. అందుకే ముందు ఒక వకీలును అడిగి, బెయిల్ షరతుల్లో ఆ మాట ఉందో లేదో తెలుసుకోండి. లేకపోతే ‘ఏం చేయాలో నాకు తెలుసు’ అన్నంతవరకే చెప్పండి. కోర్టులో ఇది చెప్పు, అది చెప్పు అని నేర్పించొద్దు. కేసుకూ మంచిది కాదు, వాడికీ మంచిది కాదు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో బాధితుల పరిహారానికి దరఖాస్తు పెట్టండి. తండ్రి లేని పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, ఆదాయ పరిమితి చూస్తారు. కలెక్టరేట్‌కు వెళ్లి జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఎక్కడని అడగండి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

బడికి మీరే వెళ్లి హెడ్మాస్టర్‌తో ఆ ఫోటో సంగతి మాట్లాడండి. ముందు మన ఇంట్లోని ఫోన్లన్నింటిలోంచి, చుట్టాల ఫోన్లలోంచి అది తీసేయించండి. కేసుకు కావాల్సినవి పోలీసుల దగ్గర ఉంటాయి.

గురుకులం మంచిదే, మంచి చదువు దొరుకుతుంది, కానీ ఈ ఏడు వద్దు. పక్క తడిపే పిల్లవాడు హాస్టల్ గదిలో నలభై మంది మధ్య నిద్రలేవడం ఒకసారి ఊహించండి. ఇంకొక సంగతి కూడా ఉంది. నాన్న పోయాడు, ఇప్పుడు నన్నూ పంపేస్తున్నారు అనుకుంటాడు. మీ అక్కకు కూడా అదే డాక్టరు దగ్గర చూపించండి. ఆమె మంచం దిగి వాడి చేతికి అన్నం గిన్నె ఇచ్చిన రోజు వాడు సగం ధైర్యం తెచ్చుకుంటాడు. ఆమెను తప్పు పట్టి ఈ మాట అనట్లేదు. మా అమ్మ కూడా ఏడాది లేవలేదు.

సంవత్సరీకం నాడు పిల్లలిద్దరినీ ఉంచుకోండి, కానీ ఏం జరుగుతుందో నాలుగు రోజుల ముందే చెప్పి, ఇష్టం లేకపోతే పక్కింట్లో ఉండవచ్చని కూడా చెప్పండి. కూర్చుంటానంటే ఏదో ఒక చిన్న పని వాళ్ల చేతికి ఇవ్వండి. చిన్నది డాడీకి ఇష్టమైన కూర ఏదో చెబితే అది వండండి. ఆ రోజు ఎవరైనా వచ్చి, నాన్న ఫోటో అట్లా గోడకు తిప్పి ఉండకూడదని దాన్ని ఇటు తిప్పబోతారు. మీరు గోడ దగ్గరే నిలబడండి. ఇంకో ఫోటో దండ వేయడానికి పెట్టుకోండి. ఆ ఫోటోను మాత్రం ఎవరినీ ముట్టుకోనీయొద్దు, వాడే తిప్పుకుంటాడు.